పేరు ఒకటే, స్పెల్లింగులు మూడు: ఇంటి కంప్యూటర్‌లో చాలామంది వాడని కీలు

స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు మన ఇళ్లలో తరచూ వచ్చే తిప్పలు పేరు దగ్గరే. ఆధార్‌లో షేక్ చివర హెచ్ ఉండదు, టెన్త్ మెమోలో ఉంటుంది. మహమ్మద్ సంగతైతే చెప్పనక్కర్లేదు. ఒక కాగితంలో ఎం పక్కన ఓ, ఇంకోదాంట్లో ఎం పక్కన యు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఏకంగా ఎం, డి రెండక్షరాలే. కాగితాల్లో ఉన్న తేడా సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగక తప్పదు. కానీ కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నా, చివరి తేదీ రాత్రి పదకొండింటికి తొందరలో టైపు చేస్తూ కొత్తగా పుట్టించే తప్పు ఒకటుంది. ప్రతి ఫారంలో, ప్రతి పేజీలో పేరు మళ్లీ మళ్లీ కొట్టడం వల్ల వచ్చే తప్పు అది. దరఖాస్తులో పేరుకీ ఖాతాలో పేరుకీ పొత్తు కుదరక డబ్బు ఆగిపోయాక గానీ ఎక్కడ ఒక అక్షరం జారిందో తెలియదు.

దీనికి మందు ఇంట్లో ఉన్న విండోస్ కంప్యూటర్‌లోనే ఉంది. డబ్బులు పెట్టి కొనేదేం కాదు.

కాపీ, పేస్ట్ అందరికీ తెలిసిందే. 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, ఆయన సహచరులు ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. విండోస్‌లో చాలాకాలం పాటు దీనికి ఒక ఇబ్బంది ఉండేది. ఒకటి కాపీ చేయగానే అంతకు ముందు కాపీ చేసింది పోయేది. 2018 చివర్లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో అది మారింది. కీబోర్డు కింది వరసలో ఆల్ట్ పక్కన నాలుగు గళ్ల బొమ్మతో ఉండే విండోస్ కీని పట్టుకుని వి నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. మొదటిసారి 'టర్న్ ఆన్' అని అడుగుతుంది, ఒప్పుకోండి. ఆ తర్వాత కాపీ చేసినవి 25 దాకా అందులో వరసగా ఉంటాయి. ఏది కావాలంటే దాని మీద క్లిక్ చేస్తే చాలు, కర్సర్ ఉన్న చోట పడుతుంది.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఈ జాబితా ఖాళీ అవుతుంది. అయితే ఒక్కో దాని పక్కన గుండుసూది బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే అది 'పిన్' అవుతుంది, కంప్యూటర్ ఆపినా పోదు. చేయాల్సిందల్లా ఒకసారి తీరిగ్గా కూర్చుని నోట్‌ప్యాడ్‌లో వివరాలు రాసుకోవడం. సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తూ అబ్బాయి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఇంటి అడ్రసు కొట్టండి. ఇంట్లో ఇంకొకరితో సరిచూపించండి. తర్వాత ఒక్కొక్కటిగా కాపీ చేసి పిన్ చేయండి. ఇక ఏ ఫారం వచ్చినా పేరు టైపు చేయొద్దు, పేస్ట్ చేయండి. ఫారం ఏ కాగితంలో ఉన్నట్టు రాయమంటే ఆ కాగితంలోని స్పెల్లింగే పిన్ చేయాలన్నది మాత్రం మరవొద్దు.

పిన్ చేసినవి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరికైనా కనిపిస్తాయి. అందుకని ఆధార్ నంబరు, ఖాతా నంబరు, పాస్‌వర్డ్ పిన్ చేయకూడదు. పేర్లు, అడ్రసు వరకే.

అప్‌లోడ్ దగ్గర ఆగిపోతే

పేర్ల తర్వాత ఫొటో సైజు. ఫొటో 50 కేబీ లోపు ఉండాలి, సంతకం ఇంకా చిన్నది కావాలి అని ఫారాలు అడుగుతుంటాయి. ఫోన్‌లో తీసిన ఫొటో అయితే రెండు, మూడు ఎంబీలు ఉంటుంది. ఇక్కడ చాలామంది గూగుల్‌లో వెతికి, ముందెన్నడూ చూడని ఏదో వెబ్‌సైట్‌కు ఆధార్ స్కాన్‌ని ఎక్కించి చిన్నది చేసి తెచ్చుకుంటారు. పిల్లల డ్రాయింగ్ కోసమని అందరూ చిన్నచూపు చూసే పెయింట్ చేసే పనికి ఊరూ పేరూ తెలియని సైట్‌కు గుర్తింపు కార్డు ఇచ్చిరావడం ఎందుకు?

ఫొటోను పెయింట్‌లో తెరిచి కంట్రోల్ పట్టుకుని డబ్ల్యు నొక్కండి. సైజు మార్చే పెట్టె వస్తుంది. శాతం దగ్గర 50 అని కొడితే పొడవు, వెడల్పు రెండూ సగమవుతాయి. తర్వాత ఎఫ్12 నొక్కి వేరే పేరుతో, జేపెగ్ రకంలో సేవ్ చేయండి. పాత పేరుతోనే సేవ్ చేస్తే అసలు ఫొటో పోయినట్టే. ఫోల్డర్‌లో ఆ ఫైలును ఒకసారి నొక్కి, ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే ఎన్ని కేబీలు ఉందో చూపిస్తుంది. ఇంకా ఎక్కువుంటే మళ్లీ ఒకసారి తగ్గించండి.

ఫైళ్ల పేర్లు కూడా అప్పుడే మార్చుకుంటే మేలు. వాట్సాప్ నుంచి దించిన ఫైళ్ల పేర్లన్నీ అంకెల గొలుసుల్లా ఉంటాయి, ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఏదో టెన్త్ మెమో ఏదో తెరిస్తే గానీ తెలియదు. ఫైలు మీద నిలిచి ఎఫ్2 నొక్కి పేరు కొట్టండి. ఎంటర్ బదులు ట్యాబ్ కొడితే నేరుగా పక్క ఫైలు పేరు మార్చే చోటికి వెళ్తుంది. షాదీ ముబారక్ లాంటి దరఖాస్తుకు అరడజను కాగితాలు జోడించాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

సర్టిఫికెట్ చూస్తూ ఫారం నింపాలంటే రెండూ ఒకే తెరపై ఉండాలి. సర్టిఫికెట్ తెరిచి ఉన్న విండోలో విండోస్ కీతో ఎడమ బాణం, ఫారంలో విండోస్ కీతో కుడి బాణం నొక్కితే చెరి సగం సర్దుకుంటాయి. పొరపాటున ఫారం ఉన్న ట్యాబ్ మూసేస్తే కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని టి నొక్కితే తిరిగొస్తుంది. ట్యాబ్ వస్తుంది గానీ అందులో నింపినవి ఉంటాయన్న భరోసా లేదు. పొడుగ్గా రాయాల్సినవి ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకోమనేది అందుకే. ఫోల్డర్‌లో ఫైలు డిలీట్ అయిపోతే కంగారు పడకుండా వెంటనే కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కండి, వచ్చేస్తుంది. ఇది వర్డ్‌లోనే పనిచేస్తుందనుకుంటారు, ఫైళ్లకూ పనిచేస్తుంది.

ఒకే కీబోర్డు, మూడు లిపులు

తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ నడిచే ఇళ్లు మనవి. పిల్లల హోంవర్కు తెలుగులో, నికా రుక్కా ఉర్దూలో, ఫారాలు ఇంగ్లిష్‌లో. దేనికదే వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్' కిందకు వెళ్లి తెలుగు, ఉర్దూ చేర్చుకోండి. అక్కడి నుంచి విండోస్ కీతో స్పేస్ బార్ నొక్కిన ప్రతిసారీ భాష మారుతుంది. తెలుగుకు 'ఫొనెటిక్' కీబోర్డు ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో పలికినట్టు కొట్టొచ్చు. 2019 నుంచి ఇది విండోస్‌లోనే వస్తోంది. ఉర్దూలో ఏ అక్షరం ఏ కీ మీద ఉందో తెలియకపోతే విండోస్ కీ, కంట్రోల్ పట్టుకుని ఓ నొక్కండి. తెర మీదే కీబోర్డు వస్తుంది, చూసుకుంటూ కొట్టొచ్చు.

ఉర్దూ టైపు చేసేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది అక్షరాలు కాదు, దిక్కు. వాక్యం మధ్యలో ఫోన్ నంబరో ఇంగ్లిష్ మాటో వస్తే ముక్కలన్నీ చెల్లాచెదురవుతాయి, చివర పెట్టిన చుక్క ఎగిరి మొదట్లో కూర్చుంటుంది. అప్పుడు చాలామంది స్పేసులు కొట్టి ముక్కల్ని జరుపుతారు, లేదంటే వర్డ్‌లో పేరాను కుడివైపుకు జరిపే బటన్ నొక్కుతారు. చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. అదే ఫైలు ప్రింటింగ్ ప్రెస్‌లో తెరిస్తే మళ్లీ చెదిరిపోతుంది. ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో ఆ పేరా ఇంకా ఎడమ నుంచి కుడికి నడిచే పేరానే, కుడి గోడకు ఆనించారంతే. చేయాల్సింది దిక్కు మార్చడం. ఉర్దూ కీబోర్డు చేర్చుకున్నాక, కుడివైపు కంట్రోల్, కుడివైపు షిఫ్ట్ కలిపి నొక్కి వదలండి. పేరా కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది, చుక్క దాని చోటికి అది వెళ్తుంది. ఎడమవైపు కంట్రోల్, ఎడమవైపు షిఫ్ట్ నొక్కితే మళ్లీ మామూలు. వర్డ్‌లోనే కాదు, నోట్‌ప్యాడ్‌లోనూ పనిచేస్తుంది.

అక్షరాలు అరబీ పుస్తకంలోలా నస్ఖ్‌లో కనిపిస్తున్నాయి, ఉర్దూ పత్రికలోలా లేవు అనిపిస్తే అది ఫాంట్ సంగతి. నస్తలీఖ్ వాలు కోసం విండోస్‌లో 'ఉర్దూ టైప్‌సెట్టింగ్' అనే ఫాంట్ ఉంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 'నోటో నస్తలీఖ్ ఉర్దూ' కూడా బాగుంటుంది.

వర్డ్‌లో ఇంకో సదుపాయం ఉంది, కార్డుల పని చేసేవాళ్లకు కూడా చాలామందికి తెలియదు. ప్రవక్త పేరు తర్వాత రాసే సల్లల్లాహు అలైహి వసల్లమ్ మొత్తం ఒకే చిహ్నంగా యూనికోడ్‌లో ఉంది. ఇంగ్లిష్ కీబోర్డుకు మారి, ఒక స్పేస్ వదిలి, ఎఫ్, డి, ఎఫ్, ఎ అనే నాలుగక్షరాలు కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఆ నాలుగక్షరాలు పోయి దురూద్ చిహ్నం వస్తుంది. చివరి అక్షరం ఎ బదులు డి కొడితే పూర్తి బిస్మిల్లా ఒకే చిహ్నంగా వస్తుంది. ఇంటర్నెట్‌లో బొమ్మ వెతికి అతికించే అవసరం ఉండదు, ఎంత పెద్దది చేసినా మసకబారదు. ఇవి వర్డ్‌లో ఒకసారి తెచ్చుకుని పిన్ చేసుకుంటే వాట్సాప్ వెబ్‌లోనూ, మెయిల్‌లోనూ వాడుకోవచ్చు.

తెలుగుకూ ఇలాంటిదే ఒకటి. మహబూబ్‌నగర్ అని కొడితే బ కింద న వత్తు పడి 'మహబూబ్నగర్' అయి కూర్చుంటుంది. మన ఊళ్ల పేర్లలో, బస్తీల పేర్లలో ఇది మామూలే. పొల్లు అక్షరం తర్వాత 200 అంకె, దాని పక్కన సి కొట్టి ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే కనిపించని అడ్డుగోడ ఒకటి పడుతుంది. ఆ తర్వాత నగర్ కొడితే విడిగా నిలుస్తుంది.

పాత ఇన్‌పేజ్‌లోనో, పాత తెలుగు డీటీపీ ఫాంట్లలోనో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అవి యూనికోడ్ కావు, అదీ కారణం. రుక్కా మేటర్ ప్రెస్‌కు పంపేటప్పుడు యూనికోడ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి. కంట్రోల్‌తో పి నొక్కి, ప్రింటర్ల జాబితాలో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకుంటే తయారవుతుంది. అక్షరం ఎలా ఉండాలో వాళ్లకు ఎదురుగా కనిపిస్తుంది, తాత పేరులో నుఖ్తా పోయిందన్న గొడవ కార్డులు పంచాక రాదు.

లెక్కల పుస్తకం

దుకాణం లెక్కలు, మసీదు కమిటీ చందాలు ఎక్సెల్‌లో రాసేవాళ్లకు రెండు చాలు. కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కితే ఆ రోజు తేదీ పడుతుంది, రేపు తెరిచినా మారదు. అంకెల వరస కింద నిలిచి ఆల్ట్ పట్టుకుని ఈక్వల్స్ గుర్తు నొక్కి, ఎంటర్ కొడితే మొత్తం వచ్చేస్తుంది. జకాత్ లెక్కకు ఆ మొత్తాన్ని 2.5 శాతంతో గుణించమంటే చాలు. ఏ సొమ్ము లెక్కలోకి వస్తుంది, ఏ అప్పు తీసేయాలి అన్నది మాత్రం ఆలిమ్‌ని అడగాల్సిందే.

నెట్ సెంటర్ నుంచి లేచే ముందు

ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు నెట్ సెంటర్‌కు వెళ్తారు. పైన చెప్పిన సౌకర్యాలే అక్కడ ఎదురు తిరుగుతాయి. విండోస్ కీతో వి నొక్కితే మీరు కాపీ చేసిన ఆధార్ నంబరు మీ తర్వాత కూర్చున్నవాళ్లకు కనిపిస్తుంది. లేచే ముందు ఆ పెట్టె తెరిచి 'క్లియర్ ఆల్' నొక్కండి. విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని ఎస్ నొక్కి తెర మీద కావాల్సినంత ముక్క ఫొటో తీసుకోవడం బాగానే ఉంటుంది. కానీ విండోస్ 11లో ఆ ఫొటో 'పిక్చర్స్' లోని 'స్క్రీన్‌షాట్స్' ఫోల్డర్‌లో తనంతట తాను సేవ్ అయిపోతుంది. రసీదు కోసం తీశామనుకుంటారు, కాపీ అక్కడే ఉండిపోతుంది.

క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ పని మొదలుపెట్టేటప్పుడే కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎన్ నొక్కి ప్రైవేట్ విండో తెరవడం మంచిది. అన్ని ప్రైవేట్ విండోలూ మూసేస్తే లాగిన్లు పోతాయి. అయితే ప్రైవేట్ విండోలో డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం 'డౌన్‌లోడ్స్' ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. వాటిని మామూలుగా డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కాలి. ఈ పనికి ఇంట్లో అలవాటు పడొద్దు, ఇలా తీసేసింది కంట్రోల్, జెడ్‌తో తిరిగి రాదు.

వాట్సాప్ వెబ్ తెరిచి కాగితాలు దించుకుని, లాగౌట్ చేశామో లేదో గుర్తులేక ఇంటికొచ్చేస్తే మళ్లీ సెంటర్‌కు పరుగెత్తనక్కర్లేదు. ఫోన్‌లో వాట్సాప్ తెరిచి 'లింక్డ్ డివైసెస్' చూడండి. అక్కడ ఆ కంప్యూటర్ కనిపిస్తే దాని మీద నొక్కి లాగౌట్ చేసేయొచ్చు.