తీగ లాగకుండా నెట్‌వర్క్: కొన్ని విశేషాలు

వినుకొండలో కూర్చుని పత్తి, మిర్చి వ్యాపారుల కోసం లెక్కల యాప్ తయారుచేసే కుర్రాళ్లు హైదరాబాద్ సర్వర్ల మధ్య సొంత నెట్‌వర్క్‌ను నిమిషాల్లో ఏర్పాటు చేసుకోవచ్చు. అదెలాగో చూద్దామా?

◆ క్లౌడ్‌లో సొంత నెట్‌వర్క్ ఏర్పాటు చేసుకోనిచ్చే అమెజాన్ ‘వర్చువల్ ప్రైవేట్ క్లౌడ్’ (వీపీసీ) సేవ 2009 ఆగస్టులో వచ్చింది. ఆ సంస్థ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మూడు అవైలబిలిటీ జోన్లతో (విడివిడి డేటా సెంటర్ల సముదాయాలతో) మొదలైంది. రెండు జోన్లలో సర్వర్లు పెట్టి, వాటి ముందు పని పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంచితే, ఒక జోన్ ఆగినా రెండోది యాప్‌ను నిలబెడుతుంది.

◆ వినుకొండలోనూ నరసరావుపేటలోనూ ఒకే డోర్ నంబరు ఉండొచ్చు. ప్రైవేటు ఐపీ అడ్రసులూ అంతే. 10తో మొదలయ్యే 1.67 కోట్ల అడ్రసులను ఎవరి నెట్‌వర్క్‌లో వాళ్లు వాడుకోవచ్చు. కానీ ఒకే వరుస అడ్రసులున్న రెండు వీపీసీలను ‘పీరింగ్’తో, అంటే నేరుగా, కలపడం కుదరదు. అందుకే మొదట్లోనే వేర్వేరు వరుసలు ఎంచుకోవాలి.

◆ అందరి డేటా ప్రయాణించేది ఒకే కేబుళ్ల మీద. మరి కలిసిపోదా? మన డేటా ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టి, అది ఏ నెట్‌వర్క్‌దో చెప్పే నంబరు వేసి పంపుతారు. పాత వీలాన్ పద్ధతిలో 4,094 నెట్‌వర్కులే కుదిరేవి. 2014లో ప్రచురించిన వీఎక్స్‌లాన్ పద్ధతిలో 1.6 కోట్లకు పైగా కుదురుతాయి.

◆ వీపీసీలో ఒక భాగంగా 256 అడ్రసుల సబ్‌నెట్ తీసుకుంటే మనకు దక్కేవి 251. మిగతా ఐదూ అమెజాన్ తన అవసరాలకు అట్టే పెట్టుకుంటుంది.

◆ పబ్లిక్ సబ్‌నెట్‌కూ ప్రైవేట్ సబ్‌నెట్‌కూ తేడా రూట్ టేబుల్‌లో (డేటా దారులు చూపే పట్టికలో) ఒక్క వరుసే. 0.0.0.0/0 (అంటే అన్ని అడ్రసులూ) అనే గమ్యానికి ఎదురుగా ఇంటర్నెట్ గేట్‌వే ఉంటే అది పబ్లిక్.

◆ సర్వర్‌కు కాపలా కాసే సెక్యూరిటీ గ్రూప్‌ను కొత్తగా సృష్టిస్తే అది బయటివాళ్లెవరినీ లోపలికి రానివ్వదు. లోపలినుంచి వెళ్లిన అభ్యర్థనకు వచ్చే జవాబును మాత్రం గుర్తుపట్టి వదులుతుంది. వ్యాపారుల ఖాతాలున్న మైసీక్వెల్ డేటాబేస్‌కు 3306 పోర్టును యాప్ సర్వర్‌కు మాత్రమే తెరవండి. అక్కడ 0.0.0.0/0 అని రాస్తే ప్రపంచమంతటికీ తలుపు తీసినట్టే.

◆ వీపీసీ సృష్టించడానికి పైసా ఖర్చు లేదు. ప్రైవేట్ సబ్‌నెట్ సర్వర్లను ఇంటర్నెట్‌లోకి వెళ్లనిచ్చే నాట్ గేట్‌వే మాత్రం డేటా పోయినా పోకపోయినా గంటల లెక్కన బిల్లు వేస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ గంటకు 0.005 డాలర్ పడుతోంది. నేర్చుకునే విద్యార్థులు సాధన అయ్యాక ఈ రెండూ తప్పక తీసేయాలి. చేతిలో పెద్దగా డబ్బు లేకున్నా ఈ విద్య పట్టుబడుతుంది.