కత్తి ఫోటోలో వాదర కనబడు విధము

మన సంఘమువారు కమ్మరులు చేసిన కొడవళ్లకును, మచ్చుకత్తులకును, గీతకత్తులకును దూరప్రాంతములనుండి బేరములు తెచ్చుట మొదలిడిన పిమ్మట, కొనువారు వస్తువును చేతబట్టి చూడక, సెల్‌ఫోనులో వచ్చిన ఫోటోను బట్టియే డబ్బు పంపుచున్నారు. కావున ఆ ఫోటో సరిగా నుండుట కమ్మరి కూలికిని, సంఘము మాటకును సంబంధించిన విషయము. ఈ సంగతి నేను నష్టము కలిగించి నేర్చుకొంటిని.

నిరుడు వేసవిలో నేనే పండ్రెండు మచ్చుకత్తులను మిట్టమధ్యాహ్నమున కళ్లములో పఱచి ఫోటోలు తీసి పంపితిని. కత్తులు పాలవలె తెల్లగా మెఱసినవి. బాగున్నవనుకొంటిని. సరకు చేరిన పది దినములకు రెండు కత్తులు తిరిగివచ్చినవి. ఎఱ్ఱగా కాల్చిన కత్తిని నీట ముంచునప్పుడు కలిగిన బీట, వెండ్రుకవాసి, ఆ రెంటిలో పిడిదగ్గఱ నుండెను. కమ్మరి దానిని చూడలేదు. నా ఫోటోయు చూపలేదు. ఆ వృద్ధుడు నా ఫోను చేతికి దీసికొని చాలసేపు పరికించి, “ఇందులో నా కత్తి యెక్కడున్నదయ్యగారూ? సూర్యుడున్నాడు గాని” అనెను. రానుబోను కిరాయి యతడే భరించెను.

అతని మాటలోనే శాస్త్రమంతయు నున్నది. సానబట్టిన యినుము అద్దమువంటిది. పిల్లలు అద్దపుముక్కతో ఎండను ఎదురింటి గోడపై కొట్టి యాడుట మీరు చూచియుందురు. వెలుగు ఏ వాలున వచ్చి తగులునో ఆ వాలుననే యావలికి పోవును. కత్తి ఫోటోలో గనబడునది చాలవఱకు కత్తి యెదుట నున్న ఆకాశమో, గోడయో, తీయువాని చొక్కాయో. కాబట్టి కత్తి దేనిని చూచుచున్నదని మొదట విచారింపవలెను.

నేనిప్పుడు చేయుచున్న పద్ధతి యిది. ఉత్తరపు వసారాలో, ఎండ నేరుగా పడనిచోట, వేపపలకమీద గాని గోనెపట్టమీద గాని కత్తిని పెట్టుదును. నులకమంచము నొకదానిని ప్రక్కన నిలువుగా చేరవేసి దానిపై ఉతికిన తెల్లపంచె కప్పుదును. ఫోనులో చూచుచు, కత్తి బల్లమునకు పంచె నీడ పూర్తిగా పట్టువఱకు మంచమును జరుపవలెను. అప్పుడు కత్తి యంతయు సమముగా తెల్లబడి సానగీతలు, త్రుప్పుచుక్కలు, బీటలు నల్లని గీతలుగా తేలును. పిదప పంచెలో సగము నల్లగొంగడితో మూయుడు. తెలుపునకును నలుపునకును నడిమి హద్దు కత్తిమీద నిలువుగా పడునట్లు చేసినచో, సుత్తిదెబ్బల వలని మిట్టపల్లములు ఆ హద్దును వంకరలు త్రిప్పును. హద్దు గీచినట్లు తిన్నగా నున్నచో పనివాడు గట్టివాడని తెలియును. ఎంత చిన్న మిట్టయైనను దీనికి దాగదు.

కొలిమి నలుపు పోని వెన్నుభాగము అద్దమువలె పనిచేయదు. దానికి మాత్రము సాయంకాలము ఒక టార్చిదీపమును నేలవాలుగా ప్రక్కనుండి వేసిన చాలును.

ఇక వాదర. రైతునకు కావలసినది ముఖ్యముగా నిదియే. వాదర పైకి వచ్చునట్లు కత్తిని నిలిపి, దీపమును ఫోను ప్రక్కనుండియే దానిపైకి వేయవలెను. పదునైన వాదరకు వెడల్పు లేదు గనుక వెలుగును త్రిప్పికొట్టదు. అచ్చట ఏమియు కనబడదు. మొద్దుబాఱినచోట తెల్లని దారము, విఱిగినచోట చుక్కవలె మెఱుపు కనబడును. గీతకత్తి యమ్మువారు ఈ యొక్క ఫోటో పంపిరేని వేఱు పొగడ్త అక్కఱలేదు.

ఫోనును చేతబట్టినచో వణకును. రెండిటుకల నడుమ దానిని నిలిపి, రెండు సెకండ్ల గడువు పెట్టుడు. దాని కన్నును మెత్తని గుడ్డతో తుడువుడు. వేరుసెనగనూనె చేతులతో తాకి, మంచు పట్టినదని కత్తిని నిందించువారిని నేనెఱుగుదును. మిక్కిలి దగ్గఱకు పోయిన కత్తి మొన సాగి గొడ్డలివలె నుబ్బును. కొంచెము వెనుకకు జరిగి రెండింతలు పెద్దదిగా చూపు మీటను వాడవలెను. ముఖములను నునుపుచేయు ఏర్పాటు ఫోనులో నున్నచో దానిని తీసివేయుడు, అది బీటలను గూడ నునుపుచేయును. పక్కన ఒక కొలబద్ద నుంచుట మఱువరాదు. తళుకు తగ్గించు పోలరైజరు అద్దము కొనుమని దుకాణదారులు చెప్పుదురు. అది నీటిమీదను ఆకులమీదను పనిచేయును గాని, వట్టి యినుముమీది తళుకును తీయదు. ఆ డబ్బుతో మంచి ఆకురాయి కొనుట మేలు.

మఱియొక మాట. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో కరగించి చేసిన ఉక్కు పారశీక వర్తకులచే కొనబడి, డమాస్కసు కత్తులని పేరొందినవాటికి పనికివచ్చినది. అందు నూటికి సుమారు 1 మొదలు 2 వంతుల బొగ్గుసారము కలదు. మెఱుగుపెట్టి, పలుచని ఆమ్లము పూసినచో, ఆ ఉక్కులో నీటియలలవంటి చాఱలు బయలుపడును. వానిని చూచి కొందఱిప్పుడు ఏ కత్తికైనను చాఱలు కల్పించి యమ్ముచున్నారు. మన కమ్మరులు చేయునవి లారీ కమానుపట్టీల ఉక్కువి. వానిలో ఆ చాఱలుండవు, ఉండనక్కఱయు లేదు. లేని చాఱను ఫోటోలో తెచ్చుటకు సంఘము ఒప్పుకొనరాదని నా యభిప్రాయము.

ఈ యేడు పంపిన ప్రతి కత్తికి మూడు ఫోటోలు తీసితిమి: పంచెది, గొంగడిది, వాదరది. పంచె ఫోటోలో బీట కనబడిన కత్తి యొకటి కొలిమికి తిరిగిపోయినది. దానిని మొదట చూచినది ఆ వృద్ధుడే, నేను కాను.

ఫోటో తీయుటకు నూనె తుడిచిన కత్తులకు మరల ఆముదము పూయనిదే పెట్టెలో పెట్టరాదు. వానకాలములో ఒక్క రాత్రిలోనే త్రుప్పు పట్టును.