సూచికాఫలకమున సున్న: అనుపలబ్ధి విచారము

ఆంగ్లమున డ్యాష్‌బోర్డు అనుమాట తొలుత గుఱ్ఱపుబండికి సంబంధించినది. డెక్కలచే ఎగురు బురద బండి తోలువానిపై పడకుండ ముందు నిలిపిన పలకకు అది పేరు. మోటారుకారు వచ్చిన పిదప వేగమును, చమురును తెలుపు మాపకములు ఆ తావుననే చేరినవి. నేడు కంప్యూటరుతెరపై యంత్రముల స్థితిని అంకెలుగా, రేఖలుగా చూపు పుటకు ఆ పేరే నిలిచినది. దీనిని కొందరు 'నియంత్రణఫలకము' అనుచున్నారు. అది నాకు సమ్మతము కాదు. ఫలకము దేనిని నియంత్రింపదు, సూచించును. కావున ఇచ్చట 'సూచికాఫలకము' అని వ్యవహరించెదను.

దాని పనితీరు సులభముగనే బోధపడును. సర్వరులు తమ స్థితిని తెలుపు అంకెలను నిర్ణీతకాలమున కొకసారి ఒకచోటికి అందజేయును. 2016లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన గ్రంథమున నాలుగు లక్షణములు ముఖ్యముగా చెప్పబడినవి: సమాధానమునకు పట్టు జాప్యము, అభ్యర్థనల రద్దీ, దోషముల సంఖ్య, సామర్థ్యము ఎంతవరకు నిండినదను కొలత. ఏదేని అంకె హద్దుదాటి కొన్ని నిమిషములు నిలిచినచో పనివేళలో నున్న ఉద్యోగి ఫోనునకు హెచ్చరిక పోవును. హద్దును మరీ దగ్గరగా పెట్టినచో హెచ్చరికలు 'నాన్నా పులి' కథవలె పరిణమించును, అది అందరెరిగినదే. అంకె పెరిగినప్పుడు చిక్కు తక్కువ. అంకె రానప్పుడే అసలు చిక్కు.

పార్వతీపురం మన్యం జిల్లాలోని పాచిపెంట మండలమును తీసికొందము. 2015 నుండి ఆంధ్రప్రదేశమున చౌకడిపోలలో ఈ-పాస్ యంత్రములు ప్రవేశపెట్టబడినవి. కార్డుదారు వ్రేలిముద్ర వేయును. అది దూరముననున్న సర్వరులో ఆధార్ వివరములతో సరిపోలినపిదప బియ్యము తూచెదరు. ప్రతి లావాదేవియు లెక్కకెక్కును. మైదానపు ఊళ్లలో ఇది నిమిషముల పని. కొండమీది ఊళ్లలో సిగ్నలు దొరకు గుట్టకు యంత్రమును గొనిపోయి, జనమును అచ్చటికే రప్పించుటయు కలదు. ఇపుడు ఫలకముపై ఒక కొండ డిపోకు ఎదురుగా, ఒక దినమున, సున్న కనబడినదనుకొందము. డిపో తెరచియు ఎవరును రాలేదా? యంత్రము చెడినదా? సిగ్నలు లేక వచ్చినవారందరు వట్టిసంచులతో మరలిరా? మూడింటికిని అంకె ఒక్కటే. మొదటిదానికి చేయవలసిన దేమియు లేదు. మూడవదానికి ఆ పూటయే మనిషి కదలవలెను.

ఈ ప్రశ్న మన శాస్త్రములకు కొత్తది కాదు. భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని, అనగా కనబడకుండుటను, ప్రత్యేకప్రమాణముగా అంగీకరించిరి. నైయాయికులు దానిని ప్రత్యక్షమునకు సహకారిగా మాత్రమే గ్రహించిరి. ఐనను ఒక నియమమున ఇరువురికిని భేదము లేదు: అనుపలబ్ధి యోగ్యమై యుండవలెను. వెలుతురున నేలపై కుండ కనబడనిచో కుండ లేదు. చీకటిలో కనబడనిచో ఏమియు తేలదు. ఉన్నయెడల కనబడి తీరును అను నిశ్చయ మున్నచోటనే కనబడకుండుట అభావమును తెలుపును. సిగ్నలు లేని డిపో చీకటిలోని నేల వంటిది.

యోగ్యత లేని పరిశీలనము ఎంత ప్రమాదకరమో చెప్పుటకు విశాఖపట్టణ శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురమే సాక్ష్యము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది మరణించిరి. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికారసంఘము ఆ జూలైలో నివేదిక సమర్పించెను. ట్యాంకులో ఉష్ణమాపకము అడుగుభాగముననే యున్నది. పైపొరల వేడిమిని కొలుచు సాధనము లేదు. అంకె అబద్ధమాడలేదు, తానున్నచోటి సంగతినే చెప్పినది. సైరను ఉండియు మ్రోగింపబడలేదని కూడ ఆ సంఘము తేల్చెను. నిద్రించుచున్న ఊరు సైరను మౌనమును క్షేమముగానే గ్రహించి యుండును గదా!

పరిశీలనతంత్రములను నిర్మించువారు ఈ దోషమునకు రెండుపాయములు కల్పించిరి. మొదటిది నాడి. లావాదేవి ఉన్నను లేకున్నను యంత్రము 'ఉన్నాను' అని నియతముగా పలుకుచుండవలెను. ఆ పలుకు ఆగుటయే హెచ్చరికకు కారణము. 2012లో ప్రారంభమైన ప్రొమీథియస్ అను ఉపకరణమున అంకె సున్నయగుట వేరు, అంకెయే రాకుండుట వేరు. వీనిని వేర్వేరుగా పట్టు ఏర్పాటు కలదు. రెండవది వింతైనది. ఎల్లప్పుడును మ్రోగుచుండు హెచ్చరిక నొకదానిని బుద్ధిపూర్వకముగా పెట్టుదురు. దానిని బయటి వ్యవస్థ యొకటి వినుచుండును. అది ఆగినచో కావలివాడే పడిపోయెనని అర్థము. పోడుచేలలో మంచెలపై రాత్రి కావలికాయువారు అడవిపందులను తోలుటకు నడుమనడుమ కేకలువేయుదురు. కేక వినరానిచో ప్రక్కమంచెవాడు తోటివానికి కునుకు పట్టెనని గ్రహించును. గిరిజనులకు ఈ యుపాయము పాతదే.

కనుక కొండ డిపోలను చూపు ఫలకమున సున్నకొక రంగు, వార్త అందకుండుటకు వేరొక రంగు ఉండవలెను. రెండవదానిని బూడిదరంగున చూపుట పలుచోట్ల ఆచారము. నాకు అదియే సరియని తోచుచున్నది. ఎఱుపు దోషమును నిశ్చయించి చెప్పును. ఇచ్చట నిశ్చయము లేదు. ఇక హెచ్చరిక ఎవరికి పోవలెను? డిపో విక్రేత ఫోనునకు పంపినచో, సిగ్నలు లేని ఆ కొండవద్దనే అదియు ఆగును. మండలకేంద్రమున నుండి ఆ దినముననే కొండ నెక్కగల ఉద్యోగికి పోవలెను. అతడు చూచివచ్చి కారణమును నమోదు చేయువరకు ఆ గడి బూడిదరంగుననే యుండవలెను.