లోతు లేని నీటి రాజహంస

బహ్రెయిన్ రాజధాని మనామాలోని మహూజ్ పేటకు దక్షిణంగా కొద్ది దూరం వెళితే తూబ్లీ అఖాతం వస్తుంది. చలికాలంలో సముద్రం వెనక్కి తగ్గి బురదనేల బయటపడినప్పుడు, అక్కడి పలుచని నీటిలో తెల్లని గీత గీసినట్టు ఒక పక్షుల గుంపు నిలబడి ఉంటుంది. ఇక్కడికి దాదాపు 3,400 కిలోమీటర్ల దూరంలో, సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మీదుగా వెళ్ళే రోడ్డుకు ఇరువైపులా, అదే కాలంలో అదే జాతి పక్షి కనిపిస్తుంది. అరబ్బీలో దాని పేరు నుహామ్. తెలుగువారు రాజహంస అంటారు. పత్రికలు ఫ్లెమింగో అని కూడా రాస్తాయి. ప్రపంచంలో ఉన్న ఆరు ఫ్లెమింగో జాతులలో ఇది అన్నిటికన్నా పొడవైనది. శాస్త్రీయనామం ఫీనికోప్టెరస్ రోజియస్.

పేరు వెనుక

కావ్యాలలోని హంస ఏ పక్షి అన్న చర్చ పాతదే. హిమాలయాలు దాటి వచ్చే అడవి బాతు అని కొందరు, మరొకటని ఇంకొందరు అన్నారు. అయితే తెల్లని దేహం, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు కలది రాజహంస అని అమరకోశం చెప్పిన లక్షణం ఈ పక్షికి చక్కగా అమరుతుంది. పాలను, నీటిని వేరుచేస్తుందన్న ప్రసిద్ధి హంసకు ఎలా వచ్చిందో గాని, నీటిలోంచి ఆహారాన్ని వడగట్టుకునే విద్య మాత్రం దీనికి నిజంగానే ఉంది. పేరులో హంస ఉన్నా ఇది బాతుల, హంసల వంశానిది కాదు. జన్యు పరిశోధనల ప్రకారం దీనికి అత్యంత సమీప బంధువులు మన చెరువులలో మునిగి తేలే బుడబుంగలు.

రూపం

పెద్ద రాజహంస ఒకటిన్నర మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. బరువు మాత్రం రెండు నుంచి నాలుగు కిలోలే. నిలబడినప్పుడు లేత గులాబి ఛాయ గల తెల్లని పక్షిలా ఉంటుంది. ఎగిరినప్పుడే అసలు రంగులు బయటపడతాయి. రెక్కల ముందుభాగం పగడపు ఎరుపు, వెనుక ఈకలు నలుపు. కాలి నడుమ వెనక్కి మడిచినట్టు కనిపించే కీలును చాలామంది మోకాలు అనుకుంటారు. అది చీలమండ, మోకాలు పైన ఈకలలో దాగి ఉంటుంది.

ఈ గులాబి రంగు పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లలు బూడిదరంగులో పుడతాయి. నాచులోను, దానిని తిని బతికే ఉప్పునీటి రొయ్యలలాంటి చిన్న ప్రాణులలోను ఉండే కెరొటినాయిడ్లు ఏళ్ళ తరబడి ఈకలలో చేరితే ఆ రంగు వస్తుంది. ఆ ఆహారం దొరకకపోతే ఈకలు వెలిసిపోతాయి. అందుకే జంతుప్రదర్శనశాలలలో వీటి మేతలో ఈ పదార్థాలను ప్రత్యేకంగా కలుపుతారు.

ఒంటికాలి మీద నిలబడడం అలసట కలిగించే తపస్సని చూసేవారికి అనిపిస్తుంది. నిజం దానికి విరుద్ధం. 2017లో అమెరికన్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధనలో, చనిపోయిన రాజహంస దేహం కూడా ఏ కండర బలమూ లేకుండా ఒంటికాలి మీద నిలిచింది. రెండు కాళ్ళ మీద నిలవలేదు. కీళ్ళ అమరికే బరువును మోస్తుంది కాబట్టి ఆ భంగిమలో పక్షికి శ్రమ తక్కువ.

తలకిందుల భోజనం

రాజహంస తలను నీటిలోకి తలకిందులుగా వంచి తింటుంది. నడుమ కిందికి వంగిన ముక్కు ఆ భంగిమకు సరిపడేలా ఏర్పడింది. మందమైన నాలుక పంపులా ముందుకు వెనక్కు కదులుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచులలోని సన్నని పళ్ళెలు జల్లెడలా ఆహారాన్ని నిలుపుకుంటాయి. 2025లో చిలీ రాజహంసలపై ప్రచురితమైన ఒక పరిశోధన, అవి నీటిలో కాళ్ళతో తొక్కుతూ, తలను ఒక్కసారిగా పైకి లాగుతూ చిన్న సుడులు పుట్టించి, ఆ సుడులలో చిక్కిన ప్రాణులను ముక్కులోకి లాక్కుంటాయని చూపింది. ఎక్కువైన ఉప్పును కళ్ళ పైన ఉండే గ్రంథులు వేరుచేయగా, అది ముక్కు రంధ్రాల గుండా బయటికి పోతుంది.

ఒకే గుడ్డు

రాజహంసలు వేల సంఖ్యలో ఒకచోట చేరి, బురదను ముక్కుతో పోగుచేసి చిన్న దిబ్బ కట్టి, దాని మీద ఒకే గుడ్డు పెడతాయి. తల్లీ తండ్రీ వంతులవారీగా నెల రోజుల పాటు పొదుగుతాయి. పిల్లకు రెండూ తమ అన్నవాహికలో ఊరే ఎర్రని పాలలాంటి ద్రవాన్ని పడతాయి. కొన్నాళ్ళకు పిల్లలన్నీ ఒకే గుంపుగా చేరితే, కొన్ని పెద్ద పక్షులు కాపలా ఉంటాయి. బతికితే దీర్ఘాయువే: ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జంతుప్రదర్శనశాలలో ఒక పక్షి ఎనభై ఏళ్ళు దాటి జీవించి 2014లో మరణించింది.

పులికాట్ రాజహంసలు సైబీరియా నుంచి వస్తాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఈ జాతి సైబీరియాలో గూడు కట్టదు. కజకిస్తాన్‌లోని తెంగిజ్ సరస్సే దాని ఉత్తరపు హద్దు. భారతదేశంలో దీని ప్రధానమైన పుట్టిల్లు కచ్ రణ్. 1945లో సలీం అలీ అక్కడి గూళ్ళ నగరాన్ని చూసి, లక్షల సంఖ్యలో పక్షులున్నాయని అంచనా వేశారు. గల్ఫ్ తీరానికి వచ్చే పక్షులకు ఇరాన్‌లోని ఉర్మియా సరస్సు చాలాకాలం ప్రధాన స్థావరం.

లోతు ఎంత?

పొడవాటి కాళ్ళు, తలకిందుల ముక్కు, బురద గూడు: ఈ దేహంలోని ప్రతి భాగమూ పలుచని ఉప్పునీటినే కోరుతుంది. నీరు పెరిగితే ముక్కు అడుగును అందుకోలేదు; ఎండిపోతే మేత నశిస్తుంది, కుక్కలూ నక్కలూ గూళ్ళ దాకా నడిచి వస్తాయి. అటు సముద్రం, ఇటు నేల కాని ఈ జాగాలే మనిషి కంటికి అన్నిటికన్నా పనికిరానివిగా కనిపించడం ఈ పక్షికి వచ్చిన చిక్కు.

తూబ్లీ అఖాతం 1997లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా నమోదైంది. అయినా మట్టి పోసి ఇళ్ళకు, రోడ్లకు నేలను తయారుచేసుకుంటూ రావడంతో, ఒకప్పుడు సుమారు 25 చదరపు కిలోమీటర్లు ఉన్న అఖాతం దాదాపు సగానికి కుదించుకుపోయింది. ఉర్మియా పరిస్థితి ఇంకా దారుణం: నదులపై ఆనకట్టలు, సాగుకు నీటి వాడకం, కరువు కలిసి 1990ల నడుమ నుంచి ఆ సరస్సును ఉప్పుపర్రగా మార్చాయి. పులికాట్‌కు 1976 నుంచి పక్షుల అభయారణ్యం హోదా ఉంది. సూళ్ళూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండుగ పేరిట ఉత్సవాలూ జరుగుతున్నాయి. కాని సగటున మీటరు లోతు మాత్రమే ఉన్న ఆ సరస్సుకు సముద్రంతో ఉన్న ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుండటం పక్షులకూ, అక్కడి మత్స్యకారులకూ ఒకే సమస్య. సముద్రపు నీరు రాకపోతే రొయ్యా లేదు, రాజహంసా లేదు.

ఇందుకు భిన్నమైన కథ గల్ఫ్‌లోనే ఉంది. అబూ ధాబీ సమీపంలోని అల్ వత్బా సహజమైన సరస్సు కాదు; మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీరు చేరి ఏర్పడినది. 1998లో అక్కడ రాజహంసలు పిల్లలను పెంచాయి. ఆ ఏడే ప్రభుత్వం దానిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. పలుచని నీరు, మనుషుల అలికిడి లేని కొద్దిపాటి బురదనేల మిగిలితే, అది ఎవరి చేతిలో పుట్టిందన్నది ఈ పక్షి పట్టించుకోదు. తూబ్లీలోనైనా పులికాట్‌లోనైనా కాపాడవలసింది పక్షి కన్నా ముందు ఆ నీటి లోతును.