లిల్లీ పువ్వు వాడిపోవడం ఎందుకు?

వర్గల్ గుట్టపై విద్యాసరస్వతీ దేవికి అర్పించే మాలలోను, దర్గా ముంగిట పూల బుట్టలోను మనలను ఒకే పరిమళంతో పలకరించే తెల్లని పువ్వు ఒకటి కలదు. తెలుగులో దానిని నేలసంపెంగ అనీ, ఉర్దూలో గుల్‌షబ్బో అనీ అంటాము. అంగడిలో మాత్రం అది లిల్లీ. ఉదయం కోసిన పూలు గుడిమల్కాపూర్ మార్కెట్టు చేరేలోగా వడలిపోతే నష్టపోయేది రైతే. కనుక పువ్వు వాడిపోవడానికి కారణం తెలుసుకోవడం పరీక్షకోసం మాత్రమే కాదు.

వాడడమంటే కేవలం నీరు చాలకపోవడం కాదు. అది మొక్క స్వయంగా నడిపే కార్యం. రేకులు ఉన్నది కీటకాలను పిలవడానికి. పుప్పొడి కీలాగ్రాన్ని చేరిన పిమ్మట వాటితో పని తీరినట్లే. ఆర్కిడ్ పుప్పొడినుండి తీసిన సారం సోకినంతనే పువ్వు వాడుతుందని హాన్స్ ఫిట్టింగ్ 1909లో నిరూపించారు. ఆ సారంలో ఆక్సిన్ అనే హార్మోను ఉన్నదని తరువాత తెలిసింది. పరాగసంపర్కం జరిగిన ఆర్కిడ్‌లో ఇథిలీన్ వాయువు పుట్టి రేకులను వడలజేస్తుంది. వాటిలోని పోషకాలు అండాశయానికి తరలుతాయి. వారాల తరబడి నిలిచే పువ్వు కొద్ది దినాలలోనే ముగుస్తుంది.

అయితే ఈ సూత్రం అన్ని పూలకూ వర్తించదు. లిలియం ప్రజాతికి చెందిన అసలు లిల్లీలలో విచ్చిన పువ్వు ఇథిలీన్‌కు అంతగా లొంగదు. పరాగసంపర్కం జరిగినా, జరగకపోయినా తన గడువు ప్రకారమే వాడుతుంది. కోసిన కాడపై ఆకులు పసుపు బారకుండా జిబ్బరెల్లిన్ కాపాడుతుంది. ఒక్క దినమే నిలిచే డే లిల్లీలో వార్ధక్యాన్ని త్వరపరచేది ఆబ్సిసిక్ ఆమ్లం.

ఇక మన గుల్‌షబ్బో అసలు లిల్లీయే కాదు. మెక్సికోనుండి వచ్చిన ఈ మొక్క కిత్తనారకు దగ్గరి బంధువు. ఇథిలీన్‌ను అడ్డుకునే వెండి లవణాలు కార్నేషన్ పువ్వుకు ఆయుష్షు పోస్తాయి. అంతమాత్రాన లిల్లీ అనే పేరున్న ప్రతి పువ్వుకూ వాటిని వాడితే ఖర్చే మిగులుతుంది. గుల్‌షబ్బో కాడకు శుభ్రమైన నీటిలో కొంత చక్కెర అందిస్తే మరికొన్ని మొగ్గలు విచ్చుకుంటాయి. విడిపూలను చల్లని వేళ కోసి నీడన ఉంచడం మేలు.

2014లో స్థాపితమైన ఉద్యాన విశ్వవిద్యాలయం మనకు పొరుగునే ములుగులో ఉన్నది. మన విద్యార్థులు అటు అడుగు వేసేముందు ఈ ఒక్క మాట గ్రహించాలని మా కోరిక: పేరు ఒకటైనంత మాత్రాన స్వభావం ఒకటి కాదు. పువ్వును ఎరిగినవాడే దాని ఆయుష్షును పెంచగలడు.