పాత మారుతి 800 ఇంకెన్నాళ్లు నడుస్తుంది? ఇంజిన్ ఇచ్చే గుర్తులు, తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల రోడ్ల మీద ఏపీ 21 నంబరు ప్లేటుతో మారుతి 800 కార్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. దాదీని నంద్యాల ఆసుపత్రికి చూపించాలన్నా, ఇంటిల్లిపాదీ నికాహ్ దావత్‌కు పోవాలన్నా చాలా ఇళ్లలో ఆ చిన్న బండే దిక్కు. కొత్త కారుకు లక్షలు కావాలి. వడ్డీకి అప్పు తెచ్చి బండి కొనడం ఇష్టం లేని కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. అందుకే అబ్బాజాన్ కాలంలో కొన్న కారునే కాపాడుకుంటూ వస్తున్నారు.

కానీ బండికి వయసైంది. ఎండ పెరిగింది, పంపులో దొరికే పెట్రోలు కూడా మారింది. "ఈసారి ఇంజిన్ పని చేయించాలా, తుక్కుకు వేసేయాలా?" అనే ప్రశ్న షెడ్డుకు పోయిన ప్రతిసారీ వస్తోంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ ఇంజిన్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి.

ఎలాంటి ఇంజిన్ ఇది?

మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఈ ముప్పై ఏళ్లలో 25 లక్షలకు పైగా కార్లు అమ్ముడయ్యాయి. ఇందులోని సుజుకి ఇంజిన్ పేరు ఎఫ్8బి. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఒక్కో బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72 మిల్లీమీటర్లు. సిలిండర్‌కు రెండు వాల్వులు, పైన ఒకే క్యామ్ షాఫ్ట్, దాన్ని తిప్పడానికి పళ్లున్న రబ్బరు బెల్టు. శక్తి 40 హార్స్‌పవర్ లోపే. ఓమ్ని వ్యాన్‌లోనూ ఇదే ఇంజిన్ ఉండేది.

2000 ప్రాంతం దాకా వచ్చిన బండ్లలో పెట్రోలును కార్బురేటర్ అందించేది. కాలుష్య నిబంధనలు బిగిసేసరికి ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చల్లే పద్ధతి. మీ బండి ఈ రెండింటిలో ఏదో మొదట తెలుసుకోవాలి. ఎందుకంటే రెండింటికీ వచ్చే జబ్బులు వేరు, మందులు వేరు.

పొద్దున్నే స్టార్ట్ కాకపోతే

కార్బురేటర్‌లో కంప్యూటర్ ఏమీ ఉండదు. గాలి ఒక ఇరుకు గొంతులోంచి వేగంగా పోతుంది. ఆ ఊపుకు చిన్న జెట్టులోంచి పెట్రోలు పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. చల్లటి ఇంజిన్‌కు కావాల్సింది అదే.

వారాల తరబడి బండి తీయకపోతే కార్బురేటర్‌లోని పెట్రోలు ఆవిరైపోయి అడుగున జిగురు మిగులుతుంది. అది సన్నటి స్లో జెట్టును మూసేస్తుంది. అప్పుడు రేజ్ ఇచ్చినంతసేపూ ఇంజిన్ నడుస్తుంది, కాలు తీయగానే ఆగిపోతుంది. ఈ గుర్తు కనబడితే కార్బురేటర్ విప్పి కడిగితే సరిపోతుంది. ఇంజిన్ దించాల్సిన పని లేదు.

రెండో అనుమానం నిప్పురవ్వ మీద పెట్టుకోవాలి. తొలి బండ్ల డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఉండేవి. అవి అరిగితే, లేదా మధ్య సందు మారితే స్పార్క్ బలహీనమవుతుంది. ప్లగ్గు తీసి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. ముక్కు లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లటి పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తడి తడిగా ఆయిల్ అంటి ఉంటే లోపల ఆయిల్ కాలుతోంది. ముక్కు తెల్లగా మాడి ఉంటే పెట్రోలు తక్కువై వేడి పెరుగుతోంది.

ఉన్నవే మూడు సిలిండర్లు కాబట్టి ఒక్క ప్లగ్గు కొట్టకపోయినా మూడో వంతు శక్తి పోతుంది. బండి వణుకుతుంది, పికప్ పడిపోతుంది. పాత మెకానిక్‌లు ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ తీసి చూస్తారు. ఏది తీసినప్పుడు ఇంజిన్ చప్పుడు మారదో ఆ సిలిండరే పనిచేయనట్టు. ఆ వైర్లలో వేల వోల్టులు ఉంటాయి కాబట్టి ఇది ఇంట్లో చేసే పని కాదు. ఎంపీఎఫ్ఐ బండికి ఈ పరీక్ష అసలే పనికిరాదు, కాయిల్ పాడవుతుంది.

ఎండాకాలం దెబ్బ

నంద్యాల జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. అప్పుడు బండి దారిలో ఆగితే అందరూ "హీట్ ఎక్కింది" అనేస్తారు. నిజానికి అందులో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి.

మొదటిది, మీటరు ముల్లు మామూలుగానే ఉంటుంది. పది నిమిషాలు టీ తాగడానికి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. కార్బురేటర్ బండిలో పెట్రోలు పంపు ఇంజిన్‌కే అతుక్కుని ఉంటుంది. ఆ వేడికి పైపులో పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరిని లాగుతుంది గానీ పెట్రోలును తోయలేదు. నీడలో ఆపి, బానెట్ ఎత్తి పదిహేను, ఇరవై నిమిషాలు ఓపిక పడితే దానంతట అదే సర్దుకుంటుంది. అదే పనిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీ అయిపోవడం తప్ప లాభం లేదు.

రెండోది, ముల్లు ఎర్ర గీత వైపు పోవడం. అసలు ప్రమాదం ఇదే. ఈ ఇంజిన్ హెడ్ అల్యూమినియంది. అతిగా వేడెక్కితే వంగుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. తర్వాత నీళ్లు సిలిండర్‌లోకో ఆయిల్‌లోకో దిగుతాయి. ఆయిల్ మూత తీస్తే పాలు కలిపిన టీ రంగులో నురగ కనబడుతుంది. కొన్ని వందల రూపాయల రిపేరు వేలల్లోకి మారేది ఇక్కడే.

కారణం చాలాసార్లు చిన్నదే. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే టీ గిన్నె అడుగున పట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ తెల్లటి పొర పడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయడం దీనికి మందు. రేడియేటర్ మూత రబ్బరు అరిగితే లోపల ప్రెషర్ నిలవదు, నీళ్లు త్వరగా మరుగుతాయి. ముల్లు పైకి పోతున్నా కరెంటు ఫ్యాన్ తిరగడం లేదంటే ఫ్యాన్ స్విచ్, ఫ్యూజు, మోటారు ఈ మూడూ వరసగా చూపించాలి. థర్మోస్టాట్ పీకి పారేయడం సరైన చికిత్స కాదు.

ముల్లు పైకి పోతే వెంటనే పక్కకు ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. కాగిన ఇంజిన్ మీద చల్లనీళ్లు కుమ్మరించకూడదు. చేయి పెట్టగలిగేంత చల్లారాకే నీళ్లు నింపాలి.

పొగ రంగు ఏం చెబుతుంది?

నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, చోక్ పూర్తిగా వెనక్కి పోకపోవడం, కార్బురేటర్ సెట్టింగు తప్పడం దీనికి కారణాలు. దుమ్ము లేచే రోడ్ల మీద తిరిగే బండికి ఫిల్టర్ త్వరగా మార్చాలి.

తెల్ల పొగ చలికాలం పొద్దున కాసేపు వస్తే భయం లేదు, అది నీటి ఆవిరి. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, రేడియేటర్ నీళ్లు తగ్గిపోతూ ఉంటే గాస్కెట్ చూపించాలి.

నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడి ఉంటాయి. ఇది చిన్న ఖర్చు. రేజ్ ఇచ్చినప్పుడల్లా, ఎత్తు ఎక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు అరిగి ఉండవచ్చు. ఇది పెద్ద ఖర్చు.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి కంప్రెషన్ పరీక్ష ఉంది. ప్లగ్గు తీసిన చోట గేజ్ పెట్టి, సెల్ఫ్ కొట్టి మూడు సిలిండర్ల ప్రెషర్ కొలుస్తారు. మూడూ దగ్గర దగ్గరగా, సరిపడా ఉంటే ఇంజిన్‌లో ఇంకా జీవం ఉన్నట్టే. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ సిలిండర్‌లో కొన్ని చుక్కల ఆయిల్ వేసి మళ్లీ కొలుస్తారు. ప్రెషర్ పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే వాల్వులదో గాస్కెట్‌దో. "ఇంజిన్ దించాలి భాయ్" అని ఎవరైనా అంటే ముందు ఈ పరీక్ష చేసి చూపించమని అడగండి. అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

కొత్త పెట్రోలు, పాత పైపులు

ఇప్పుడు పంపుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో మొదలై దేశమంతా వ్యాపించింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత డిజైన్ కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. అంటే లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండి 15 దగ్గరికి వస్తుంది.

మైలేజీ కంటే ముఖ్యమైన సంగతి రబ్బరు. పాత పైపులు, వాషర్లు, పంపు డయాఫ్రం ఇథనాల్‌ను తట్టుకునేలా తయారైనవి కావు. అవి ఉబ్బుతాయి, తర్వాత పగుళ్లు వస్తాయి. ఇంజిన్ మీద కారే పెట్రోలుకు ఒక్క రవ్వ చాలు. బండిలో పెట్రోలు వాసన వస్తే "పాత బండి కదా, మామూలే" అని ఊరుకోకూడదు. పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించుకోవడం పెద్ద ఖర్చు కాదు.

ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండిలో నీళ్లు ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తాయి. వారానికోసారైనా బండిని పది కిలోమీటర్లు తిప్పాలి. ఎంపీఎఫ్ఐ బండిలో కంప్యూటర్ మారిన పెట్రోలుకు కొంతవరకు సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, మెకానిక్కే సెట్ చేయాలి.

మరచిపోయే రెండు పనులు

ఒకటి టైమింగ్ బెల్టు. ఇది తెగితే ఇంజిన్ ఉన్నపళంగా ఆగిపోతుంది, ముందస్తు హెచ్చరిక ఏమీ ఉండదు. పాత బండి కొన్నవాళ్లు బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొత్తది వేయించుకోవడమే మేలు. కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పాతబడుతుంది.

రెండోది ఆయిల్. ఇంజిన్‌లో పట్టేదే మూడు లీటర్ల లోపు. అందులో ఒక లీటరు తగ్గినా మూడో వంతు పోయినట్టే. వారానికోసారి చదునైన చోట ఆపి డిప్ స్టిక్ చూడటం రెండు నిమిషాల పని. నడుస్తుండగా ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇంటిదాకా పోదామనుకోకూడదు, అక్కడే ఆపాలి.

పెట్రోలు ఖర్చు భయంతో కొందరు ఓమ్నిల్లో వంటగ్యాస్ సిలిండర్ పెడుతుంటారు. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా. పిల్లలు కూర్చునే సీటు కిందే బాంబు పెట్టుకున్నట్టు. గ్యాస్ కావాలంటే అనుమతి ఉన్న కిట్టు వేయించి, ఆర్సీలో రాయించుకోవాలి.

15 ఏళ్లు దాటితే తుక్కేనా?

కాదు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద నిషేధం ఢిల్లీ ప్రాంతానికి సంబంధించిన మాట. మన రాష్ట్రంలో సొంత కారు ఆర్సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. బండిని రవాణా శాఖకు చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. కాకపోతే ఖర్చు పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 5 వేల రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ వీటికి అదనం. ఆర్సీ గడువు దాటిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవచ్చు. కంప్రెషన్ బాగుండి, బాడీకి కింద తుప్పు లేకపోతే పైపులు, బెల్టు, రేడియేటర్ పనులు చేయించి బండిని ఉంచుకోవడం దండగ కాదు. రింగులు పోయి, ఫ్లోర్ తుప్పు పట్టి, ఆర్సీ గడువు కూడా దగ్గరపడితే ఆ డబ్బు బండి మీద పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి. తుప్పు పట్టిన బాడీకి కొత్త ఇంజిన్ వేసినా అందులో కూర్చునేవాళ్లకు రక్షణ ఉండదు.

ఏది చేసినా డ్యాష్‌బోర్డులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఆయిల్ ఏ తేదీన మార్చారు, బెల్టు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వేశారు, కూలెంట్ ఎప్పుడు పోశారు అన్నీ రాసుకోండి. మెకానిక్ మారినా, రేపు బండి అబ్బాయి చేతికి వెళ్లినా దాని చరిత్ర ఆ నోట్‌బుక్‌లోనే దొరుకుతుంది.