ఆయుధ కంపెనీలు కలిస్తే జవాబుదారీ ఎవరు?

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి యూరప్ ఆయుధ కంపెనీల పేర్లు మన దినపత్రికల్లోనూ కనిపిస్తున్నాయి. ఫలానా దేశపు కంపెనీ పొరుగు దేశపు కంపెనీతో విలీనమవుతోందని ఒకరోజు, చర్చలు చెడిపోయాయని మరొకరోజు చదువుతాం. వ్యాపార వార్తే కదా అని పేజీ తిప్పేస్తాం. కానీ ఆ వార్తల వెనుక ఒక బరువైన ప్రశ్న ఉంది. నాలుగు దేశాలవారు కలిసి చేసిన ఆయుధాన్ని ఎవరికి అమ్మవచ్చో, ఎవరికి అమ్మకూడదో చెప్పేది ఎవరు?

అసలు ఎందుకు కలుస్తున్నారో ముందు చూద్దాం. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక రక్షణ బడ్జెట్లు తగ్గాయి. 1993లో అమెరికా రక్షణ శాఖ పెద్దలు ఆయుధ కంపెనీల అధిపతులను విందుకు పిలిచి, ఇంతమందిని పోషించలేమని చెప్పేశారు. ఆ విందుకు ‘కడరా భోజనం’ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాటను అలా వాడుకోవడం నాకు రుచించలేదు గానీ, చరిత్రలో ఆ పేరే నిలిచిపోయింది. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ 51 ప్రధాన కంపెనీలు 5కి కుదించుకుపోయాయి.

యూరప్‌లో అలా జరగలేదు. ప్రతి దేశానికీ సొంత ఫ్యాక్టరీ, సొంత తుపాకి, సొంత పరువు. అమెరికాకు ఒకే రకం ప్రధాన యుద్ధ ట్యాంకు ఉంటే యూరప్‌లో 17 రకాలున్నాయని 2017లో యూరోపియన్ కమిషన్ లెక్క చెప్పింది. పదిహేడు రకాలంటే విడిభాగాలు వేరు, మరమ్మతు వేరు, శిక్షణ వేరు. ఖర్చు ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

కలిసినవారు లేకపోలేదు. 2000లో ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ కంపెనీలు కలిసి ఈఏడీఎస్ అయ్యాయి. నేటి ఎయిర్‌బస్ అదే. 2001లో క్షిపణుల కంపెనీ ఎంబీడీఏ పుట్టింది. ఇప్పుడు అందులో ఎయిర్‌బస్‌కు 37.5 శాతం, బ్రిటన్‌కు చెందిన బీఏఈ సిస్టమ్స్‌కు 37.5 శాతం, ఇటలీ కంపెనీ లియోనార్డోకు 25 శాతం వాటాలున్నాయి. 2015లో జర్మనీలో ఒక కుటుంబం చేతిలో ఉన్న ట్యాంకుల కంపెనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ కంపెనీ నెక్స్‌టర్ చెరి సగం వాటాతో కలిసి కేఎన్‌డీఎస్ అయ్యాయి. ఎవరూ చిన్నబోకుండా ప్రధాన కార్యాలయాన్ని నెదర్లాండ్స్‌లో పెట్టుకున్నారు.

సబ్బుల కంపెనీలు కలిసినట్లు ఇవి కలవలేవు. ఇక్కడ కొనేది ప్రభుత్వమే, ఎగుమతికి లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే, చాలాచోట్ల వాటాదారూ ప్రభుత్వమే. పైగా యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని 346వ అధికరణం, ఆయుధాల విషయంలో తమ భద్రతకు అవసరమైన నిర్ణయాలు తీసుకొనే స్వేచ్ఛను సభ్యదేశాలకే వదిలేసింది. 2012లో ఈఏడీఎస్, బీఏఈ కలిసిపోదామనుకున్నాయి. 60, 40 వాటాలు కూడా కుదిరాయి. ప్రభుత్వాల మధ్య మాట కుదరలేదు. ముఖ్యంగా బెర్లిన్ మొగ్గు చూపలేదు. నెల తిరగకముందే, అక్టోబరు 10న ఆ ప్రయత్నాన్ని విరమించారు.

కాబట్టి కంపెనీ ఒకటైనా ప్రభుత్వాలు ఒకటి కావు. ఇది 2018లో బయటపడింది. పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గి హత్య తర్వాత జర్మనీ సౌదీ అరేబియాకు ఆయుధ ఎగుమతులను ఆపేసింది. అప్పటికే సౌదీ యెమెన్‌లో యుద్ధం చేస్తోంది. బ్రిటన్ సౌదీకి అమ్ముతున్న యూరోఫైటర్ విమానాల్లో జర్మన్ భాగాలున్నాయి. ఎంబీడీఏ వారి మీటియోర్ క్షిపణిలో చోదక వ్యవస్థ జర్మనీదే. ఒక దేశపు పార్లమెంటులో తలెత్తిన మనస్సాక్షి ప్రశ్న పొరుగు దేశపు ఫ్యాక్టరీని ఆపగలిగింది. అప్పటి బ్రిటన్ విదేశాంగ మంత్రి జెరెమీ హంట్ బెర్లిన్‌కు అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం రాశారు. 2019 అక్టోబరులో ఫ్రాన్స్, జర్మనీ ఒక మధ్యేమార్గం పట్టాయి: ఆయుధం విలువలో అవతలి దేశపు భాగం 20 శాతం లోపు ఉంటే, కొన్ని మినహాయింపులు పోను, ఆ దేశం సాధారణంగా అడ్డు చెప్పదు.

వ్యాపారం సాగడానికి ఇది మంచి సూత్రమే. నన్ను కలవరపెట్టేది మరొకటి. పందొమ్మిది శాతం చేసినవాడు ఆ ఆయుధం ఎక్కడ పేలుతుందో అడగనక్కరలేదు. వంద శాతం అమ్మినవాడేమో ‘అందరం కలిసే చేశాం’ అనగలడు. ఆమోదం తెలిపే చేతులు ఎక్కువైన కొద్దీ ఓటరుకు జవాబు చెప్పే ముఖం మసకబారుతుంది. అలాగని పాత పద్ధతే మేలని కూడా అనలేను. ఎవరికివారు తయారుచేసుకున్న రోజుల్లో ఆ ఖర్చు తట్టుకోవడానికి దొరికినవారికల్లా అమ్మేవారు. ఒక్క రాజధాని ‘సరే’ అంటే చాలు.

ఇది దూరపు సంగతి కాదు. సంగారెడ్డి జిల్లా భానూరులో భారత్ డైనమిక్స్ తయారుచేసిన మిలాన్ ట్యాంకు విధ్వంసక క్షిపణి మూలం యూరోమిస్సైల్ అనే ఫ్రెంచి, జర్మన్ ఉమ్మడి సంస్థది. కాలక్రమంలో ఆ సంస్థ ఎంబీడీఏలో కలిసిపోయింది. మన వాయుసేన రఫేల్ విమానాలకు అమర్చే మీటియోర్ వెనుక బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్, స్వీడన్ ఉన్నాయి.